ఉప్పు దొరకని కొట్టులో పుట్టిన పథ్యం

మా మేనత్త ఉప్పు మానేసిన సంగతి రాస్తాను. మానెయ్యమన్నది ఆస్పత్రి డాక్టరు. మానేసింది ఆవిడ. పేరు మాత్రం ఒక ఎర్ర సీసాకి పోయింది. ఇన్నేళ్ళయినా ఆ అన్యాయం నాకు మింగుడు పడలేదు.

ఇప్పుడు మళ్ళీ ఎందుకు గుర్తొచ్చిందంటే, బరంపురం లంజిపల్లి పేటలో మా ఇంటి మలుపు దగ్గరున్న మందుల షాపు అద్దం మీద ఈ మధ్య ఒక గుండె బొమ్మ అంటించారు. దానికి కళ్ళు పెట్టారు, నవ్వు కూడా పెట్టారు. రోజుకో గోళీ వేసుకుంటే మన గుండె కూడా అలాగే నవ్వుతూ ఉంటుందట. "ఇందులో ఏముందయ్యా?" అని అడిగాను. "అన్నీ ఉన్నాయి తాతగారూ. చేప నూనె, వెల్లుల్లి, విటమిన్లు" అన్నాడు షాపు కుర్రాడు. ఎవరు వేసుకోవాలంటే, ఎవరైనా వేసుకోవచ్చన్నాడు. అక్కడ నాకు ఒళ్ళు మండింది. ఎవరైనా ఎప్పుడైనా మింగగలిగింది తిండి అవుతుంది గాని మందు ఎలా అవుతుంది? స్కూటర్ల మోత మధ్య నిలబడి అతనికి పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. పాపం, అతనికి సగం కూడా అర్థమై ఉండదు. అందుకని ఇప్పుడు మొదట్నుంచీ రాస్తున్నాను.

అప్పటికి మా గంజాం జిల్లా ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. కొత్త వస్తువు ఏది వచ్చినా మద్రాసు నుంచే మెయిలు బండిలో దిగేది. నేను బరంపురం పెద్ద బజారులో ఒక షావుకారు గారి కొట్టులో గుమాస్తాని. నాలుగో తరగతితో నా చదువు ఆగిపోయింది. ఆ తరవాత నాకు బడి అంటే ఆ కొట్టే. పెట్టెల మీదా, డబ్బాల మీదా, సీసాల మీదా ఉన్న ఇంగ్లీషు కూడబలుక్కుని నేర్చుకున్నాను. తెలియని మాట తగిలితే పోస్టాఫీసు గుమాస్తాని పట్టుకుని, అర్థం చెప్పేదాకా వదిలేవాణ్ణి కాదు. ఆయన నన్ను చూసి కిటికీ మూసేసిన రోజులు కూడా ఉన్నాయి.

కొట్టులో చింతపండు, బెల్లం, ఎండుమిరపకాయలు, పసుపు, నూనెలు ఉండేవి. ఒక పక్క అద్దాల బీరువాలో మద్రాసు మందులు ఉండేవి. ఉప్పు మాత్రం ఉండేది కాదు. సముద్రం వైపు హుమ్మ అనే ఊరి ఉప్పు మడుల నుంచి బండ్ల మీద వచ్చే ఉప్పంతా ఎదుటి వరసలో ఉన్న ఇంకో షావుకారు చేతిలో ఉండేది. ఆయనకీ మా షావుకారుకీ మాటల్లేవు. ఎవరైనా పొరపాటున మా మెట్లెక్కి ఉప్పు అడిగితే మా షావుకారు ముఖం మాడిపోయేది.

ఇక మా మేనత్త. నాకు ఊహ తెలిసేటప్పటికే అమ్మ లేదు. చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మా మేనత్తే నన్ను పెంచింది. అప్పడాలు ఒత్తి, ఊరగాయలు పెట్టి అమ్మి, ఇల్లు నడిపింది. మామిడికాయల రోజుల్లో మా వీధిలో ఏ ఇంట్లో ఆవకాయ కలిపినా ఆవిడ వచ్చి ఉప్పు చూడాల్సిందే. వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "ఇంకో సారెడు పడాల" అనేది. లేకపోతే "సాలు, మూతెట్టీయండి" అనేది. ఆ మాట పడితే గాని ఎవరూ జాడీకి గుడ్డ కట్టేవారు కాదు. ఆ రోజుల్లో వీధి వీధంతటి ఉప్పూ ఆవిడ నాలిక మీదుగానే వెళ్ళేది. ఇంట్లో గంజన్నంలోకైనా ఊరగాయ ముక్క నంజుకుంటే తప్ప ఆవిడకి ముద్ద దిగేది కాదు.

ఒక ఏడు ఆవిడ కాళ్ళు పొంగాయి. అరుగు ఎక్కితే ఆయాసం. వెల్లకిలా పడుకోలేక గోడకి ఆనుకుని కూర్చునేది. జట్కా కట్టించి పెద్దాస్పత్రికి తీసుకెళ్ళాను. అక్కడి డాక్టరు గోదావరి వైపు మనిషి. ఆవిడ చీలమండ మీద బొటనవేలితో గట్టిగా నొక్కి తీశాడు. గుంట పడి, అది అలాగే ఉండిపోయింది.

"గుండె అలిసిపోయిందమ్మా. అందుకే ఒంట్లో నీరు చేరుతోంది. చుక్కల మందు ఇస్తాను, వేసుకో. దానికన్నా ముఖ్యం, ఉప్పు మానెయ్యాలి. ఊరగాయలూ అప్పడాలూ అసలు ముట్టుకోకూడదు" అన్నాడు.

"పూర్తిగానేనా బావూ?"

"పూర్తిగానే."

"కూర్లో కూడానా?"

"కూరలో కూడానే."

అత్త చుక్కల మందు కొంగున ముడేసుకుంది. జట్కా ఎక్కాక అందుకుంది.

"ఉప్పు నేని కూడు ఎవులికి పెడతారురా? సచ్చినోల్లకి పెడతారు. ఈ డాట్రు నన్ను ముందుగానే పిండాల్లో కలిపీసినాడు."

"అదేటత్తా, ఆయన అంత చదువుకున్నాడు గదా."

"సదివితే నాకేటి? నా సేతి ఉప్పు బరంపురం అంతా తింతంది. నన్ను ఉప్పు మానీమంటాడా! అయినా పైసా పుచ్చుకోకుండా మందిచ్చీవోడి మాటకి ఇలవేటిరా?"

చుక్కల మందు గుర్తొచ్చిన రోజు వేసుకునేది. ఉప్పు మాత్రం రవ్వంత తగ్గించలేదు. కాళ్ళు ఇంకా పొంగాయి. ఈవిడ మళ్ళీ మామిడికాయలు చూస్తుందా అని నాకు బెంగ పట్టుకుంది. కొట్టులో కూర్చున్నా మనసంతా ఇంటి మీదే ఉండేది.

సరిగ్గా అప్పుడే మద్రాసు నుంచి ఏజెంటు దిగాడు. నెత్తిన టోపీ, కాళ్ళకి బూట్లు, మెడలో డాక్టర్లు వేసుకునే రబ్బరు గొట్టం. డాక్టరు కాదు, ఒక మందుల కంపెనీ జీతగాడు. గుండె టానిక్కు అని ఎర్ర సీసాలు పెట్టెల కొద్దీ తెచ్చి మా బీరువా నింపాడు. కొట్టు ముందు కుర్చీ వేయించి, గుండె పరీక్ష ఉచితమని టముకు వేయించాడు. వచ్చినవాళ్ళ ఛాతీకి గొట్టం ఆనించి, కళ్ళు పైకి తిప్పి, నాలిక చప్పరించేవాడు. అందరికీ ఒకటే మాట, గుండె బలహీనం. కచేరీ గుమాస్తాకి బలహీనం. పట్టుచీరల వర్తకుడికి బలహీనం. పెళ్ళి బట్టలు కొనుక్కోడానికి ఖల్లికోట నుంచి రైలెక్కి వచ్చిన పెళ్ళికొడుక్కి కూడా బలహీనమే. ఆ అబ్బాయి మొహం చూడాలి. బట్టల మాట మరిచిపోయాడు.

మా కొట్టులో మూటలు దించే ఒడియా కళాసీ ఒకడుండేవాడు. సరదాకి వాడూ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "చాలా బలహీనం" అన్నాడు ఏజెంటు. వాడు లేచి, ఏజెంటుని రెండు చంకల కిందా పట్టుకుని ఎత్తి, బెల్లం బస్తాల మీద కూర్చోబెట్టాడు.

"హఉ బాబూ, బలం నేదు. ఉంటే మిద్దె మీద ఎట్టీసేవోణ్ణి" అన్నాడు. బజారంతా నవ్వింది.

నేను సీసా మీదున్న చిన్న అక్షరాలు చదివాను. పెద్ద పెద్ద ఇంగ్లీషు పేర్లు పోస్టాఫీసులో విప్పించుకున్నాను. తేలిందేమిటంటే పంచదార పాకం, రంగు, సారా. గుక్కెడు తాగితే ఛాతీలో వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనమే గుండెకి వచ్చే బలమని ఏజెంటు చెప్పేవాడు.

అయినా సీసాలు కదల్లేదు. ఎందుకో చెబితే మద్రాసు వాళ్ళు నమ్మరు. సీసా మీద తెలుగులో పెద్ద అక్షరాలతో "పథ్యం లేదు" అని అచ్చు వేశారు. అది చూసి జనం ఎగబడతారని వాళ్ళ ఊహ. మా ఊళ్ళో అదే కొంప ముంచింది. పసరు మందు తాగితే పులుపు మానాలి, లేహ్యం తింటే గుమ్మడికాయ మానాలి. ఎంత గట్టి పథ్యమో అంత గట్టి మందని మా వాళ్ళ నమ్మకం. పట్టు నేసే పెద్దాయన ఒకాయన సీసాని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పత్తెం నేదా సావుకారూ?"

"నేదు. అన్నీ తినొచ్చు" అన్నాడు మా షావుకారు.

"అన్నీ తినీసి తాగడానికి ఇది మందేటి, సెరబత్తేటి? సెరబత్తు కావాలంటే మా ఇంటిది నిమ్మకాయ పిండి ఇస్తాది" అని సీసా పెట్టేసి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం బేరాలు లేవు. ఏజెంటు తల పట్టుకుని కూర్చున్నాడు. నేను చింతపండు తూస్తూ వింటున్నాను.

"దానికంత ఇదేటి బాబూ? పత్తెం ఎట్టీదాం" అన్నాడు షావుకారు.

"ఈ మందుకి అలాంటి అవసరం లేదండీ."

"మందుకి నేదు బాబూ. అమ్మకానికుంది."

ఏజెంటుకి ప్రాణం లేచొచ్చింది. ఏం మాన్పించాలన్నది ప్రశ్న. పులుపు మాన్పిద్దామా, చింతపండు అని రాద్దామా అన్నాడు.

"సింతపండా! ఎనకాల గది నిండా ఉన్నాది, అదేటి సెయ్యను?"

"పోనీ, ఎండుమిరపకాయలు?"

"నా పొట్ట కొడతావేటి?"

బెల్లానికీ ఒప్పుకోలేదు, నూనెకీ ఒప్పుకోలేదు. షావుకారు కొట్టంతా ఒకసారి కలియజూశాడు. తనది కానిది ఏదీ కనిపించలేదు. అప్పుడు వీధి అవతలికి చూశాడు. ఎదుటి కొట్టు ముందు హుమ్మ నుంచి వచ్చిన బండి దింపుతున్నారు.

"ఉప్పు" అన్నాడు. "ఉప్పు మాన్పించీ."

"ఒక్కటే అయితే బాగుండదేమోనండీ."

"అయితే వంకాయ కూడా ఎట్టీ. కూరలు మనం అమ్మం గదా."

పథ్యం అలా పుట్టింది. నా కళ్ళ ముందు, నా తక్కెడ పక్కన పుట్టింది. ఊళ్ళోనే చీటీలు అచ్చు వేయించి ప్రతి సీసాకీ అంటించారు. ఇక చూడండి, బీరువా ఖాళీ అయిపోయింది, మళ్ళీ పెట్టెలు తెప్పించారు. వాళ్ళు కూడా అనుకోని లాభం ఇంకొకటి కలిసొచ్చింది. మందు పని చెయ్యలేదని ఎవరైనా వస్తే, "పథ్యం చేశారా? వంకాయ తిన్నారా?" అని అడిగేవాడు ఏజెంటు. మా ఊళ్ళో వంకాయ వండని ఇల్లుందా? వచ్చిన మనిషి తల దించుకుని, తప్పు తనదే అనుకుని, ఇంకో సీసా కొనుక్కుని వెళ్ళేవాడు. అది చూసి నేను తక్కెడ దబ్బున కింద పెట్టేవాణ్ణి. ఇప్పుడు రాస్తుంటే కూడా కలం గట్టిగా నొక్కుతున్నాను.

ఎర్ర సీసా కబురు మా వీధికి చేరింది. "నీ కొట్లోనే ఉందంట గదరా, ఓ సీసా తెద్దూ" అంది అత్త. అది ఉత్త పాకమని చెప్పాను, తేనన్నాను. నాతో రెండు రోజులు మాట్లాడలేదు. పక్కింటావిడ చేత తెప్పించుకుంది.

ఆ వేళ భోజనానికి వచ్చి కూర్చుంటే నా కంచంలో అన్నీ మామూలే. తన కంచంలో అన్నం, మజ్జిగ, చప్పటి పప్పు. ఊరగాయ జాడీ అటక మీదకి ఎక్కేసింది.

"ఇదేటత్తా?"

"పత్తెంరా. గట్టి మందు. ఉప్పు కూడదంట, వంకాయ కూడదంట. సూసినావా, ఎంత బలమైన మందో!"

"డాక్టరు చెప్పింది కూడా ఇదే గదా!"

"ఆడు ఊరికే మానీమన్నాడు. ఇది మందుకోసం మానడం. ఆ తేడా నీకేటి తెలస్తాది, గుంటడివి."

నా నాలిక చివరిదాకా వచ్చింది. ఆ పథ్యం ఎవరు ఎందుకు పెట్టారో చెప్పేద్దామనుకున్నాను. చెబితే సీసా మానేస్తుంది, దాంతో పాటు పథ్యమూ వదిలేస్తుంది, జాడీ అటక దిగుతుంది. చెప్పకపోతే ఆ దొంగ సీసాకి నేనూ వంత పాడినట్టు. అన్నం సగంలో లేచి చెయ్యి కడుక్కుని ఆస్పత్రికి నడిచాను.

డాక్టరు అంతా విని ముందు నవ్వాడు. తరవాత ఎదుటి గోడకేసి చూస్తూ, "నేను చెబితే వినని మాట మీ షావుకారు చెబితే విందన్న మాట" అన్నాడు. "ఇప్పుడేం చెప్పకు. సీసా చెంచాడుకి మించనివ్వకు. నా చుక్కల మందు ఆ చెంచా వెనకాలే వేసుకోమను. పథ్యం మాత్రం వదలనివ్వకు."

అలాగే చేశాను. మండలం దాటకుండానే అత్త కాళ్ళు దిగాయి. పడుకుని నిద్ర పోయింది. ఆవిడ హాయిగా గుర్రు పెడుతుంటే, ఆ చప్పుడు వింటూ నేను మేలుకుని ఉండేవాణ్ణి. అంత సంతోషం నాకు తరవాత పెళ్ళిలో కూడా కలగలేదు.

వీధిలో ఆడవాళ్ళు వరసగా వచ్చేవారు. ఒక్కొక్కరూ ఆవిడ చీలమండ బొటనవేలితో నొక్కి చూసి, గుంట పడలేదని ముక్కున వేలేసుకునేవారు. "ఓలమ్మ, నొక్కీసి నొక్కీసి నిజంగానే గుంట పెట్టీసీలాగున్నారు!" అని అత్త కాలు లాక్కునేది. మామిడికాయలు వచ్చాయి. ఆవకాయలు కలిపే ఇళ్ళకి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళేది. తన వేలు ముంచి నా నాలిక మీద రాసి, నా మొహంలోకి చూసేది. నా ఎడమ కన్ను ఎంత మూసుకుందో చూసి ఉప్పు చాలిందో లేదో చెప్పేది. ఆ ఏడు ఒక్క జాడీ కూడా చెడలేదు.

ఏజెంటు ఊరుకుంటాడా? ఫొటో తీసేవాణ్ణి తీసుకొచ్చి, అత్తని కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్ళు కనిపించేలా చీర సర్ది ఫొటో తీయించాడు. మద్రాసులో అచ్చయి వచ్చింది. "మరణశయ్య నుంచి లేచిన గంజాం సోదరి" అని కింద రాశారు. ఆ బొమ్మ మా కొట్టు గుమ్మం పక్కనే వేలాడదీశారు. పొద్దున్నే తాళం తీస్తే మొదట కనిపించేది అదే. చుక్కల మందు మాట లేదు, డాక్టరు మాట లేదు. చించి పారేద్దామని ఎన్నిసార్లు చెయ్యెత్తానో. అత్త మొహం చూసి దించేసేవాణ్ణి.

మరుసటేడు ఎదుటి షావుకారు పెద్దవాడయి వ్యాపారం చాలించుకున్నాడు. హుమ్మ ఉప్పు మా షావుకారు చేతికి వచ్చింది. ఉప్పు బస్తాలు మా కొట్లో దిగిన వారానికే కొత్త చీటీలు వచ్చాయి. అందులో ఉప్పు లేదు. వంకాయ ఉంది, గుమ్మడికాయ ఉంది, బచ్చలికూర ఉంది.

నేను ఒక చీటీ లాక్కుని చదివాను. "ఇదేంటండీ?" అన్నాను, బేరగాళ్ళ ఎదుటే.

"కొత్త సీసారా. బలం పెంచినారు. ఉప్పు పరవాలేదు."

"నిన్నటిదాకా ఉప్పు తింటే చస్తారన్నారు. మీ బస్తాలు దిగగానే బతుకుతారా?"

"గట్టిగా అరవకు."

"అరుస్తాను. మా అత్త ఈ చీటీ చూస్తే ఏమవుతుందో మీకు తెలుసా?"

"తెలిస్తే ఏటి? నచ్చకపోతే ఇంటికెల్లు."

వెళ్ళాను. అప్పటికే పక్కింటావిడ కొత్త సీసా తెచ్చి ఇచ్చేసింది. చీటీ కూడా చదివి వినిపించింది. అత్త నట్టింట్లో కూర్చుని ఉంది. ఒక పక్క పాత సీసా, ఒక పక్క కొత్తది. అటక మీది ఊరగాయ జాడీ కిందకి దిగి ఉంది, గుడ్డ మాత్రం ఇంకా విప్పలేదు. నేను గుమ్మంలోనే కూలబడి, ఆయాసపడుతూ మొత్తం చెప్పేశాను. చింతపండు ఎందుకు పథ్యం కాలేదో, ఉప్పు ఎందుకయిందో, వంకాయ ఎలా వచ్చి చేరిందో, ఏదీ దాచలేదు.

ఆవిడ నన్ను తిడుతుందనుకున్నాను. కొత్త సీసా చేతిలోకి తీసుకుని తేరిపార చూసింది.

"మందు అదే, రంగు అదే. పత్తెం మారిపోనాదేటి?"

"వాళ్ళకి లాభం ఎటుంటే అటు మారుతుందత్తా."

"పత్తెం మారీ మందు మందేటిరా?" అని లేచింది. "జట్కా పిలువు."

ఆస్పత్రిలో డాక్టరు ముందు నిలబడి, మొదటిసారి వచ్చిన దానిలాగే అడిగింది.

"బావూ, నాను ఏటి మానాల?"

"ఉప్పు" అన్నాడాయన, తలెత్తకుండానే.

"పూర్తిగానేనా?"

"పూర్తిగానే. నీకు ముందే చెప్పాను కదమ్మా."

"వంకాయో?"

"వంకాయ ఏం చేసింది పాపం? తిను."

అత్త నావైపు తిరిగింది. "ఈయన మాట మారనేదురా. అప్పుడూ అదే, ఇప్పుడూ అదే" అంది. ఆ తరవాత ఆవిడ చుక్కల మందు ఒక్కరోజు మానలేదు. జాడీ మళ్ళీ అటక ఎక్కింది. ఎర్ర సీసాలు రెండూ దొడ్లో పారబోసి, కడిగి, నూనె పోసుకుంది.

నేను మర్నాడు కొట్టుకి వెళితే షావుకారు ఏమీ ఎరగనట్టు తాళంచెవి ఇచ్చాడు. ఇంగ్లీషు డబ్బాలు చదివేవాడు ఆయనకి ఇంకొకడు దొరకడు మరి. ఆ బొమ్మ తీసెయ్యమని మాత్రం ఎంత పోట్లాడినా వినలేదు. సీసా మానేసిన మనిషి బొమ్మ పెట్టి సీసా అమ్మడం ఏం న్యాయమని అడిగాను. అమ్మకాలు బాగున్నాయి కదా అన్నాడు. అదీ వాళ్ళ న్యాయం.

మా జిల్లా ఒరిస్సాలో కలిసిన తరవాత కూడా అత్త చాలా ఏళ్ళు బతికింది. బజారుకి వచ్చినప్పుడల్లా మా కొట్టు ముందు ఆగేది. ఒకసారి నేను ఆ బొమ్మ కింద నిలబడి, కంపెనీనీ ఏజెంటునీ కలిపి తిడుతున్నాను.

"ఊరుకోరా" అంది అత్త. "సీసా అబద్ధమైతే అయినాది. బొమ్మలో నా కాల్లు సూడు, ఎంత సన్నంగున్నాయో."